సర్వర్ దానంతటదే రీస్టార్ట్ అవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

భీమవరం నుంచి అమలాపురం దాకా రైస్ మిల్లు కానివ్వండి, రొయ్యల ప్లాంటు కానివ్వండి, నర్సింగ్ హోమ్ కానివ్వండి, సర్వర్ గురించి ఫోన్ వచ్చిందంటే ఎక్కువగా వినపడే మాట ఇదే: "ఆయ్, మేమేం ముట్టుకోలేదండీ, దానంతటదే ఆగి మళ్లీ వచ్చేసింది." ఆ తర్వాత మేం అడిగేవి, అవతలివాళ్లు అడిగేవి ఇక్కడ ఒకచోట పెట్టాం. కమాండ్లను ఫోన్‌లో ఎలా పలుకుతామో అలాగే రాశాం.

సర్వర్ ఇప్పుడే రీస్టార్ట్ అయి వచ్చింది. ముందు ఏం చెయ్యాలి?

ఇంకోసారి ఆపి వేసి చూద్దాం అనుకోకండి. తర్వాత లాగులు (సర్వర్ తనలో జరిగేవి తనే రాసుకునే చిట్టాలు) చదివేవాళ్లకి అసలు రీస్టార్ట్ ఏది, మీరు చేసింది ఏది అన్న తికమక అక్కడే మొదలవుతుంది. ఒక కాగితం మీద టైము రాయండి. సర్వర్ గడియారం టైము వద్దు, మీ ఫోన్‌లో టైము రాయండి. ఆ క్షణంలో గదిలో ఇంకేం జరిగిందో కూడా రాయండి: ట్యూబ్‌లైటు మిణుక్కుమందా, ఫ్యాన్ నెమ్మదించిందా, ఏసీ ఆగిందా, యూపీఎస్ కీచుమందా, పక్క కంప్యూటర్లు కూడా ఆగాయా? సాయంత్రానికి ఇవేవీ ఎవరికీ గుర్తుండవు. మాకు మాత్రం లాగ్ కంటే ఈ కాగితమే ఎక్కువసార్లు పనికొస్తుంది.

మూడింట్లో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. ఎవరో మనిషో, ఏదో ప్రోగ్రామో రీస్టార్ట్ అవ్వమని చెప్పింది. లేదా లోపల ఏదో చెడి సిస్టమ్ పడిపోయింది. లేదా కరెంటు అందలేదు. ముందు ఈ మూడింట్లో ఏదో తేలాలి. అది తేలకుండా ర్యామ్ మార్చడం, విండోస్ మళ్లీ వెయ్యడం డబ్బు దండగ.

విండోస్‌లో ఎక్కడ చూడాలి?

ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ మీద నొక్కి, కొన్ని ఐడీ నంబర్లతో ఫిల్టర్ చెయ్యండి. 1074 కనిపిస్తే ఎవరో చెప్తేనే ఆగినట్టు. ఏ యూజర్, ఏ ప్రోగ్రామ్, ఏ కారణం అన్నది అందులోనే ఉంటుంది. విండోస్ అప్‌డేట్ చేసిన రీస్టార్టులు ఎక్కువగా ఇక్కడే దొరికిపోతాయి. 6006 అంటే పద్ధతిగా ఆగింది, 6005 అంటే మళ్లీ మొదలైంది, 6008 అంటే అంతకుముందు ఆగడం పద్ధతిగా జరగలేదు.

41 కనిపిస్తే చాలామంది కంగారు పడి నెట్‌లో వెతుకుతారు. దానర్థం సరిగా షట్‌డౌన్ కాకుండా మళ్లీ లేచింది అనే. కారణం చెప్పేది ఆ 41 లోపల డీటెయిల్స్ ట్యాబ్‌లో ఉండే బగ్‌చెక్ కోడ్, అంటే విండోస్ ఏ లోపంతో పడిపోయిందో చెప్పే నంబరు. అక్కడ 0 ఉంటే విండోస్‌కి నీలి తెర (పడిపోయేటప్పుడు చూపించే ఎర్రర్ తెర) వేసే అవకాశం కూడా దొరకలేదు. కరెంటు పోయి ఉండాలి, లేదా మొత్తం బిగుసుకుపోయి ఉండాలి. 0 కాకుండా వేరే అంకె ఉంటే దాన్ని హెక్సా (పదహారుల) లెక్కలోకి మార్చి వెతకండి, ఎందుకంటే అక్కడ చూపించేది మామూలు పదుల లెక్క. 292 అని ఉంటే హెక్సాలో 124, అంటే హార్డ్‌వేర్ లోపం. 159 ఉంటే 9ఎఫ్, చాలావరకు డ్రైవర్ గొడవ. అక్కడే పవర్ బటన్ టైమ్‌స్టాంప్ అని ఇంకో వరుస ఉంటుంది. అది 0 కాకపోతే ఎవరో బటన్ నొక్కి పట్టుకున్నారు. ఎవరని అడిగితే ఆఫీసులో అందరూ నిశ్శబ్దం అయిపోతారు, అది వేరే సంగతి.

లినక్స్‌లో?

లాస్ట్ మైనస్ ఎక్స్ కొట్టండి. రీబూట్ అన్న వరుసకి కింద, అంటే అంతకుముందు టైముతో, షట్‌డౌన్ అన్న వరుస కూడా ఉంటే పద్ధతిగా ఆగింది. షట్‌డౌన్ లేకుండా రీబూట్ ఒక్కటే ఉంటే ఉన్నపళంగా పడిపోయింది. తర్వాత జర్నల్‌సీటీఎల్, ఖాళీ, మైనస్ బీ, ఖాళీ, మైనస్ 1, ఖాళీ, మైనస్ ఈ. ఇది కిందటి బూట్ చివరి వరుసలు చూపిస్తుంది. పద్ధతిగా ఆగితే సర్వీసులు ఒక్కొక్కటీ ఆగుతున్నట్టు, ఆఖర్లో జర్నల్ స్టాప్డ్ అని ఉంటుంది. పవర్ కీ నొక్కినా, కన్సోల్ దగ్గర ఎవరైనా కంట్రోల్ ఆల్ట్ డిలీట్ కొట్టినా ఆ జాడ అక్కడే దొరుకుతుంది.

కిందటి బూట్ లేదు అని జవాబొస్తే, లాగులు డిస్కు మీద కాకుండా మెమరీలో మాత్రమే ఉంటున్నాయి. స్లాష్ వార్ స్లాష్ లాగ్ స్లాష్ జర్నల్ అనే ఫోల్డర్ చేసి జర్నల్ సర్వీసుని రీస్టార్ట్ చేస్తే ఈసారి నుంచి నిలబడతాయి. జరిగిపోయినదానికి ఏమీ చెయ్యలేం.

లాగ్‌లో ఏమీ లేదండీ. మరి ఎలా?

ఏమీ లేకపోవడమే చాలా చెప్తుంది. సాఫ్ట్‌వేర్ చెయ్యి పెట్టిన రీస్టార్టుకి దాదాపు ఎప్పుడూ ఏదో ఒక వరుస మిగులుతుంది. మధ్యాహ్నం 2 గంటల 11 నిమిషాలకి మామూలు వరుసలు, ఆ తర్వాత 2 గంటల 14 నిమిషాలకి బూట్ వరుసలు, మధ్యలో శూన్యం. ఇలా ఉందంటే కరెంటు, పవర్ సప్లయి, మదర్‌బోర్డు, లేదా వాచ్‌డాగ్ (దీని సంగతి కింద చెప్పాం). లినక్స్ టెక్స్ట్ లాగుల్లో ఆ తెగిన చోట అక్షరాలకి బదులు క్యాప్ గుర్తు, అట్ గుర్తు వరసగా నిండి ఉండడం కూడా చూస్తాం. రాస్తుండగానే కరెంటు పోతే ఫైలు అలా మిగులుతుంది.

అసలైన సాక్షి వేరే చోట ఉంది. డెల్‌లో ఐడ్రాక్, హెచ్‌పీలో ఐలో అనే పేర్లతో సర్వర్‌లో ఇంకో చిన్న కంప్యూటర్ ఉంటుంది. సర్వర్ ఆగినా అది మెలకువగానే ఉండి తన లాగ్ తను రాసుకుంటుంది. అందులో పవర్ సప్లయికి ఇన్‌పుట్ పోయింది అని ఉంటే సగం పని అయిపోయినట్టే. ఆ చిన్న కంప్యూటర్ కూడా అదే టైముకి రీస్టార్ట్ అయి ఉంటే కరెంటు గోడ దగ్గరే పోయింది. అది నిక్షేపంగా నడుస్తూ సర్వర్ ఒక్కటే పడిపోతే లోపల వెతకాలి. కాకపోతే రెప్పపాటు ఓల్టేజీ డిప్ వచ్చినప్పుడు సర్వర్ పడిపోయి అది మాత్రం తట్టుకున్న సందర్భాలూ ఉంటాయి.

దాని గడియారం చాలాచోట్ల యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైములో ఉంటుంది. మన టైముకి 5 గంటల 30 నిమిషాలు వెనక. రాత్రి 9:40కి ఆగిన సర్వర్‌కి అందులో 16:10 అని కనిపిస్తుంది. ఇది తెలియక "ఆ టైముకి ఏమీ లేదు" అని లాగ్ మూసేసినవాళ్లు బోలెడుమంది. మామూలు డెస్క్‌టాపుల్లో బోర్డు మీద గుండ్రటి సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినా టైములు ఇలాగే కలవవు.

యూపీఎస్ ఉంది కదా, కరెంటు వల్ల ఎలా ఆగుతుంది?

చాలాచోట్ల అసలు ముద్దాయి యూపీఎస్సే.

మొదటిది బ్యాటరీ. సీల్డ్ లెడ్ యాసిడ్ బ్యాటరీకి చెప్పే ఆయుష్షు 25 డిగ్రీల లెక్కన. అంతకుమించి ప్రతి 10 డిగ్రీలకి ఆయుష్షు దాదాపు సగం అవుతుంది. రాత్రి ఏసీ కట్టేసి తాళం వేసే గదిలో మే నెల ఉక్కపోతకి ఆ బ్యాటరీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైన ప్యానెల్ మీద మాత్రం ఫుల్ ఛార్జింగ్ అనే చూపిస్తుంది. లోడు పడేదాకా దాని బండారం బయటపడదు. అందుకని సెలవు రోజున, బ్యాకప్ తీసుకుని, సర్వర్ పద్ధతిగా ఆపి, అంతే లోడు వచ్చేలా బల్బులు గానీ పాత కంప్యూటర్లు గానీ తగిలించి మెయిన్ ప్లగ్ పీకి చూడండి. బిల్లింగ్ జరుగుతుండగా ఈ ప్రయోగం చెయ్యొద్దు.

రెండోది రకం. చవగ్గా వచ్చే లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ కరెంటు పోయాక బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీ సెకన్లు తీసుకుంటుంది. సాధారణంగా 10 లోపే. కంప్యూటర్ పవర్ సప్లయి లోపలి కెపాసిటర్లలో ఉన్న కరెంటుతో 16 మిల్లీ సెకన్ల వరకు లాక్కొస్తుంది కాబట్టి కొత్తలో ఏ ఇబ్బందీ ఉండదు. కొన్నేళ్లకి కెపాసిటర్లు నీరసిస్తే ఆ 16 కాస్తా తగ్గిపోతుంది. ఒకే గదిలో, ఒకే యూపీఎస్ మీద రెండు కంప్యూటర్లుంటే ఒకటి పడిపోయి ఇంకోటి నిలబడడానికి కారణం ఇదే. ఆన్‌లైన్ యూపీఎస్‌లో మారడం అనేదే ఉండదు, ఎప్పుడూ ఇన్వర్టర్ గుండానే కరెంటు వెళ్తుంది. ఖరీదు ఎక్కువే. ఆస్పత్రికీ, రాత్రీ పగలూ నడిచే ప్లాంటుకీ అదే కొనమంటాం. చిన్న ఆఫీసుకి మంచి లైన్ ఇంటరాక్టివ్ సరిపోతుంది.

మూడోది లోడు. యూపీఎస్ సాకెట్‌లో లేజర్ ప్రింటర్ తగిలించారా? వెంటనే తీసెయ్యండి. కాగితాన్ని వేడి చేసే భాగం ఆన్ అయినప్పుడల్లా అది ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, యూపీఎస్ ఓవర్‌లోడ్ అయి అందరికీ కలిపి కట్టేస్తుంది. "ప్రింటు కొడితే సర్వర్ ఆగుతోందండీ" అన్న ఫిర్యాదు వింటే నవ్వొస్తుంది గానీ, అది అక్షరాలా నిజం.

రెండు పవర్ సప్లయిలున్న సర్వర్ కొని రెండు వైర్లూ ఒకే యూపీఎస్‌కి పెట్టడం ఇంకో రివాజు. యూపీఎస్ పోతే రెండూ పోతాయి. ఒకటి ఒక యూపీఎస్‌కి, రెండోది ఇంకోదానికి పెట్టండి.

రోజూ తెల్లవారుజామునే ఆగుతోంది. ఎందుకు?

ఒకే టైము అంటే ముందు షెడ్యూల్ చూడండి: విండోస్‌లో టాస్క్ షెడ్యూలర్, లినక్స్‌లో క్రాన్. ఉబుంటులో ఆటోమేటిక్ అప్‌గ్రేడ్ సెట్టింగులో రీబూట్ అన్నది మొదట్లో ఆఫ్‌లోనే ఉంటుంది గానీ, ఎవరైనా ఆన్ చేసి తెల్లవారుజామున 2 గంటలు అని పెట్టి మర్చిపోయి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ నెలవారీ అప్‌డేట్లు అమెరికా లెక్కన రెండో మంగళవారం వస్తాయి. మనకి అది మంగళవారం రాత్రి పొద్దుపోయాక. బుధ, గురువారాల్లో ఆగిందంటే అటు ఓ కన్నేయండి.

షెడ్యూల్‌లో ఏమీ దొరకలేదు, టైము కూడా అటూ ఇటూ అరగంట జరుగుతోంది, మీది ఉండి, ఆకివీడు, కాళ్ల, మొగల్తూరు లాంటి చెరువుల మధ్య ఊరు. అప్పుడు ఏరియేటర్ల (చెరువు నీళ్లలో గాలి కలిపే మోటార్ల) సంగతి ఆలోచించండి. చెరువులో కరిగిన ఆక్సిజన్ తెల్లారేముందు అన్నిటికంటే తక్కువగా ఉంటుంది కాబట్టి ఆ వేళకి రైతులంతా ఏరియేటర్లు వేసి ఉంచుతారు. మోటారు మొదలయ్యేటప్పుడు నడిచేటప్పటికంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. ఫీడర్ (ఊరికి కరెంటు తెచ్చే లైను) ఒక్కసారి పోయి వచ్చిందంటే ఆ లైను మీదున్న మోటార్లన్నీ ఒకేసారి లేస్తాయి, ఓల్టేజీ కిందికి దిగుతుంది. పోయినప్పుడు తట్టుకున్న యూపీఎస్, వచ్చినప్పటి ఈ ఊగిసలాటకి బ్యాటరీకీ మెయిన్‌కీ మధ్య కొట్టుకుని కొట్టుకుని చేతులెత్తేస్తుంది. యూపీఎస్ లాగ్‌లో ఇన్‌పుట్ ఓల్టేజీ కనిపిస్తే దాన్ని ఆ టైముతో పోల్చండి. లాగ్ లేని యూపీఎస్ అయితే ఓల్టేజీ రికార్డ్ చేసే చిన్న మీటరు ఒకటి పెట్టి వారం రోజులు వదిలెయ్యండి. సర్వర్‌ని విప్పడం కంటే ముందు ఈ పని.

ఓల్టేజీ దిగడం కాకుండా అప్పుడప్పుడు విపరీతంగా పెరుగుతోంది, బల్బులు మరీ కాంతిగా వెలిగి మాడిపోతున్నాయి అంటే న్యూట్రల్ వదులైందని అనుమానించాలి. మూడు ఫేజుల బిల్డింగులో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400కి దగ్గరగా రావచ్చు. ఇది కంప్యూటర్‌వాళ్ల పని కాదు. మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్నీ లైన్‌మ్యాన్నీ పిలవండి. ఎర్తింగ్ కూడా అదే రోజు చూపించుకోండి. సముద్రం దగ్గరి ఉప్పునేలలో జీఐ పైపు లోలోపలే తుప్పు పట్టి ఉంటుంది, పైకి తీగ మాత్రం బాగానే కనిపిస్తుంది.

ఇంట్లో వాడే ఇన్వర్టర్ మీద సర్వర్ నడపొచ్చా?

వద్దు. దానికి వెనకాల యూపీఎస్ మోడ్ స్విచ్ ఉన్నా, ఫ్యాన్లకీ లైట్లకీ చేసిన వస్తువు అది. తప్పదంటే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టర్ తీసుకుని, దానికీ సర్వర్‌కీ మధ్య ఒక యూపీఎస్ పెట్టండి.

జనరేటర్ వేసినప్పుడల్లా ఆగుతోంది.

జనరేటర్ ఇచ్చే ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలకడగా లేకపోతే యూపీఎస్ ఆ కరెంటుని ఒప్పుకోదు. జనరేటర్ దడదడమని నడుస్తూనే ఉంటుంది, ఇక్కడ బ్యాటరీ కరిగిపోతూ ఉంటుంది, కాసేపటికి అంతా ఆగుతుంది. జనరేటర్ గవర్నర్ (దాని వేగాన్ని నిలకడగా ఉంచే భాగం) సరిచేయించండి. యూపీఎస్‌లో ఇన్‌పుట్ సెన్సిటివిటీ సెట్టింగు ఉంటే కొంచెం తగ్గించండి.

వేడి వల్ల కూడా ఆగుతుందా?

ఆగుతుంది, అయితే పద్ధతి వేరు. ప్రాసెసర్ వేడెక్కితే ముందు నెమ్మదిస్తుంది, ఇంకా పెరిగితే కట్టేసుకుంటుంది. సాధారణంగా ఆగి అలాగే ఉండిపోతుంది. ఆగి వెంటనే లేచిందంటే వేడి కంటే కరెంటునే ముందు అనుమానించండి.

మండపేట వైపు ఒక మిల్లు ఆఫీసులో టవర్ సర్వర్ పక్క ప్లేటు తీస్తే, హీట్‌సింక్ రెక్కల మధ్య తవుడు దుమ్ము దానిలోని నూనెతో కలిసి మెత్తటి పట్టీలా పేరుకుపోయి ఉంది. ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. చెయ్యి పెడితే ఇటు గాలి తగులుతోంది, అటు రావట్లేదు. ఊదితే పోయే దుమ్ము కాదది. బ్రష్షుతో, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తియ్యాలి. అంబాజీపేట వైపు కొబ్బరి పీచు యూనిట్లలో ఇదే తంతు, కాకపోతే అక్కడ పీచు ఫ్యాన్ ఇరుసుకి చుట్టుకుంటుంది.

సర్వర్ పీల్చే గాలి 18 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలని ఆష్రే అనే ఏసీ, కూలింగ్ ఇంజినీర్ల సంస్థ చెప్తుంది. అలాగని ఏసీ 18లో పెట్టి తలుపు తీసి ఉంచకండి. వానాకాలంలో మన గాలిలో తేమకి చల్లటి లోహం మీద నీరు పడుతుంది. 24, 25 చాలు, తలుపు మూసి ఉంచండి. నరసాపురం, అంతర్వేది లాంటి చోట్ల ఉప్పుగాలి, రొయ్యల ప్లాంట్లలో చల్లదనానికి వాడే అమ్మోనియా రెండూ రాగిని తినేస్తాయి. సర్వర్ గదిని కోల్డ్ స్టోరేజీ గోడకి ఆనించి కట్టిన ప్లాంట్లు చూస్తే మాకు టెన్షన్.

ర్యామ్ చెడిందేమో ఎలా తెలుస్తుంది?

టైముకీ కరెంటుకీ సంబంధం లేకుండా, నీలి తెర కోడు ప్రతిసారీ వేరేగా వస్తుంటే ర్యామ్‌ని అనుమానించండి. మెమ్‌టెస్ట్86 ప్లస్ పెన్‌డ్రైవ్‌లో వేసి రాత్రంతా నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ఆ ర్యామ్ స్టిక్ పనికిరాదు. ఈసీసీ (చిన్న తప్పుల్ని తనే సరిదిద్దుకునే) ర్యామ్ అయితే సరిదిద్దిన ఎర్రర్ల లెక్క ఐడ్రాక్, ఐలో లాగుల్లోనే ఉంటుంది, అది పెరుగుతుంటే పూర్తిగా పోయేదాకా ఆగొద్దు. ర్యామ్ తీసి రబ్బరుతో రుద్దడం మన దగ్గర పాత అలవాటు. బంగారు పూత అరిగిపోతుంది. గుడ్డకి కాస్త ఆల్కహాల్ తడిపి తుడవండి, చాలు.

నీలి తెర చదివేలోపే మాయమవుతోంది.

సిస్టమ్ ప్రాపర్టీస్‌లో స్టార్టప్ అండ్ రికవరీలో ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసెయ్యండి. తెర నిలబడుతుంది, ఫొటో తీసుకోండి. రాత్రిపూట ఎవరూ లేని చోట మాత్రం ఇలా పెట్టకండి, తెల్లారేదాకా సర్వర్ అలాగే నిలబడి ఉంటుంది. విండోస్ ఫోల్డర్‌లో మినీడంప్ ఫైళ్లు (పడిపోయిన క్షణాన విండోస్ దాచిపెట్టినవి) ఉంటే వాటిని మాకు పంపండి. లినక్స్‌లో ఈ పని కేడంప్ చేస్తుంది, ముందే పెట్టి ఉంచాలి. కెర్నల్ డాట్ పానిక్ విలువ 0 ఉంటే పానిక్ (లినక్స్ లోపల చెడి పడిపోవడం) వచ్చాక అలాగే ఆగి ఉంటుంది, 10 ఉంటే 10 సెకన్లకి రీస్టార్ట్ అవుతుంది.

వాచ్‌డాగ్ అంటున్నారు, అదేంటి?

సిస్టమ్ బతికే ఉందా అని చూసే టైమర్. నిర్ణీత సమయంలో జవాబు రాకపోతే అదే రీసెట్ కొడుతుంది. దాన్ని తిట్టకండి, కట్టేసి ఊరుకోకండి. అసలు సిస్టమ్ ఎందుకు బిగుసుకుపోయిందో వెతకాలి. ఎక్కువగా డిస్కు దగ్గరో, డ్రైవర్ దగ్గరో తేలుతుంది.

మాది వర్చువల్ మెషీన్. క్లౌడ్‌లో ఉంది.

లోపల లాగ్ శూన్యంగా ఉంటే కింద ఉన్న హోస్ట్ (దాన్ని నడిపే అసలు కంప్యూటర్) ఎప్పటి నుంచి నడుస్తోందో చూడండి. క్లౌడ్ అయితే మెయింటెనెన్స్ నోటీసు మెయిల్ వచ్చి, చదవకుండా పడి ఉంటుంది.

ఎవరైనా హ్యాక్ చేశారా?

దాదాపు ఎప్పుడూ కాదు. తెలియని యూజర్ పేరుతో 1074 ఉంటే మాత్రం వెంటనే నెట్ కేబుల్ పీకి ఫోన్ చెయ్యండి.

మాది సర్వర్ కూడా కాదు, టాలీ నడిచే డెస్క్‌టాప్. ఇవన్నీ వర్తిస్తాయా?

ఐడ్రాక్ సంగతి తప్ప అన్నీ వర్తిస్తాయి. విండోస్ అప్‌డేట్ రీస్టార్ట్ చెయ్యకూడని వేళలు చెప్పే యాక్టివ్ అవర్స్ సెట్టింగులో మీ షాపు వేళలు పెట్టండి. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది, అది కూడా గుర్తుపెట్టుకోండి.

తుఫాను హెచ్చరిక వచ్చింది. సర్వర్ని ఏం చెయ్యాలి?

1996 నవంబర్ 6 తుఫాను చూసిన కోనసీమవాళ్లకి చెప్పక్కర్లేదు, స్తంభాలు పడితే కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు. గాలి మొదలవ్వకముందే లైన్లు కట్టేస్తారు కూడా. బ్యాకప్ ఊరు దాటించండి, సర్వర్ పద్ధతిగా షట్‌డౌన్ చెయ్యండి, ప్లగ్గులు, నెట్ కేబుల్ రెండూ పీకండి, నేల మీద ఉంటే బల్ల మీదికి ఎక్కించండి. బయాస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల్లో) కరెంటు రాగానే ఆన్ అయ్యే సెట్టింగు ఉంటే ఈ నాలుగు రోజులూ ఆఫ్‌లో పెట్టండి. కరెంటు వచ్చి పోయి వచ్చి పోతుంటే అదీ లేచి పడి లేచి పడుతుంటుంది.

మామూలు రోజులకి యూపీఎస్‌తో వచ్చిన యూఎస్‌బీ కేబుల్ వాడండి. అది ఎప్పుడూ అట్టపెట్టెలోనే, కవరు చింపకుండా దొరుకుతుంది. దాన్ని సర్వర్‌కి తగిలించి, కంపెనీ సాఫ్ట్‌వేరో, లినక్స్ అయితే నట్ అనే ప్యాకేజీయో వేస్తే, బ్యాటరీ అడుగంటేముందు సర్వర్ తనే పద్ధతిగా ఆగుతుంది.

మళ్లీ వచ్చింది, పనిచేస్తోంది. డేటా బాగానే ఉందని ఎలా అనుకోవడం?

అనుకోవద్దు, చూడండి. ఆగిన టైముకి ముందు చివరి నాలుగైదు బిల్లులు కాగితంతో పోల్చండి. టాలీ అయితే కంపెనీ డేటా కాపీ తీశాకే రిపేర్ నడపండి. మై ఎస్‌క్యూఎల్ డేటాబేస్ అయితే దాని ఇన్నోడీబీ భాగం తనే కోలుకుంటుంది, ఎర్రర్ లాగ్‌లో ఆ రికవరీ పూర్తయిందో లేదో చదవండి. రెయిడ్ కంట్రోలర్ (చాలా డిస్కుల్ని ఒకటిగా నడిపే కార్డు) ఉంటే దాని క్యాష్ బ్యాటరీ స్థితి తప్పకుండా చూడండి. ఆ బ్యాటరీ చచ్చి ఉండి, రైట్ బ్యాక్ (ముందు క్యాష్‌లో ఉంచి తర్వాత డిస్కు మీద రాసే పద్ధతి) బలవంతంగా ఆన్‌లో పెట్టి ఉంటే, డిస్కు మీద రాశానని చెప్పిన డేటా నిజానికి రాసి ఉండకపోవచ్చు. కొత్త బ్యాటరీ వేసేదాకా దాన్ని రైట్ త్రూకి (నేరుగా డిస్కు మీద రాసే పద్ధతికి) మార్చి పెట్టండి.